శార్వరి రాత్రి, రామాపురం క్రాస్‌రోడ్డు

"కాగితం ఉంది గదక్కా, ఇంకేం భయం?"

సూర్యాపేట దాటాక డ్రైవర్ ఈ మాట అనడం మూడోసారి. మొదటిసారి ధైర్యం చెప్పడానికి అన్నాడు. ఇప్పుడు తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది.

కాగితం ఉన్నమాట నిజమే. పేరు, ఆధార్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, బండి నంబరు, కింద సంతకం, పక్కన పోలీస్‌స్టేషన్ ముద్ర. అమీర్‌పేట హాస్టల్ నుంచి పొద్దున్నే వెళ్ళి స్టేషన్ ముందు ఎండలో మూడున్నర గంటలు నిలబడితే చేతికొచ్చింది. మాస్కులు ఉన్నవాళ్ళు, చున్నీ చుట్టుకున్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ ఆ ముద్ర కోసం చేతులు చాచారు. కారులోని ఒక అమ్మాయి దాన్ని డిగ్రీ సర్టిఫికెట్లు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దాచి, బ్యాగులో కాకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ రోజు 2020 మార్చి 25, బుధవారం. ఉగాది. శార్వరి నామ సంవత్సరం మొదలైన రోజు. శార్వరి అంటే రాత్రి.

ముందే ఒక మాట చెప్పాలి. ఇందులోని తేదీలు, చోట్లు, ఉత్తర్వులు అన్నీ జరిగినవి. కారులోని మనుషులు, వాళ్ళ బంధువులు మాత్రం ఆ రాత్రి ఆ రోడ్డు మీద నిలబడిపోయిన వందల మందిని కలిపి కట్టిన రూపాలు. అందుకే వాళ్ళకు పేర్లు పెట్టలేదు.

అంతా మూడు రోజుల్లో జరిగిపోయింది. 22వ తేదీ ఆదివారం, కరోనా కట్టడికని జనతా కర్ఫ్యూ. పొద్దున బస్సులు డిపోల నుంచి కదల్లేదు. ఒక్క రోజే కదా అనుకున్నారు అందరూ. సాయంత్రం చప్పట్లు కొట్టి లోపలికి వచ్చేసరికి తెలంగాణలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అని ముఖ్యమంత్రి చెప్పారు. ప్యాసింజర్ రైళ్ళు కూడా ఆగిపోయాయి. 24వ తేదీ రాత్రికి తెనాలి వెళ్ళాల్సిన బస్సు రద్దయిందని, డబ్బు వెనక్కి వస్తుందని ఆ అమ్మాయి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ రాత్రే 8 గంటలకు ప్రధాని టీవీలోకి వచ్చి దేశమంతటికీ 21 రోజులు అన్నారు. తెల్లారేసరికి హాస్టల్ ఆంటీ వంటగదికి తాళం వేసేసింది.

"బియ్యం రెండు రోజులకే ఉన్నాయమ్మా. వంటావిడ రానంటోంది. మీ ఊళ్ళకు పోండి, నా మాట వినండి."

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజాగుట్ట, కూకట్‌పల్లి. కోచింగులకు వచ్చినవాళ్ళు, చిన్న ఉద్యోగాలవాళ్ళు వేల మంది ఆ రోజు ఈ మాటే విన్నారు. వంట లేని హాస్టల్లో 21 రోజులు ఎలా ఉంటారు? స్టేషన్లకు వెళ్ళారు. కాదనకుండా స్టేషన్లు కాగితాలిచ్చాయి. నలుగురు అమ్మాయిలు కలిసి ఒక కారు మాట్లాడుకున్నారు. తలా 3,500. మామూలు రోజుల్లో బస్సుకైతే నలుగురికీ కలిపి అంత కాదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే ఎవరికైనా సూర్యాపేట అంటే టీ. బస్సు ఆగుతుంది, డ్రైవర్ దిగి మొహం కడుక్కుంటాడు, కునుకు తీస్తున్న పిల్లలు లేచి ఎక్కడిదాకా వచ్చామని అడుగుతారు. హైవే పొడవునా హోటళ్ళ ట్యూబులైట్లు, వేడి ఇడ్లీ పొగ, జామకాయల బుట్టలు. ఆ రాత్రి ఒక్క దీపం లేదు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. డ్రైవర్ది మునగాల దగ్గర పల్లె. పదిహేనేళ్ళుగా ఈ రోడ్డు మీదే బతుకుతున్నాడు.

"పేట గిట్ల సీకట్ల ఉండంగ నేనెన్నడు సూడలే," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కోదాడ దాటాక ఎర్రలైట్లు కనిపించాయి. మొదట నాలుగు, తర్వాత నలభై, తర్వాత లెక్కలేదు. రామాపురం క్రాస్‌రోడ్డు. ముందు పాలేరు వంతెన, దానికి ఆవల గరికపాడు చెక్‌పోస్టు, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. కార్లు, ఆటోలు, సామాన్లు కట్టుకున్న బైకులు. ఇంజన్లు ఆపేసి జనం రోడ్డు మీద నిలబడ్డారు. పసిబిడ్డను ఎత్తుకుని ఒకావిడ డివైడర్ మీద కూర్చుంది.

నలుగురూ దిగి నడిచి ముందుకు వెళ్ళారు. బారికేడు దగ్గర ప్లాస్టిక్ కవర్ తీసి చూపించారు.

"ఇది తెలంగాణ పోలీసులు ఇచ్చిందమ్మా. మాకు పైనుంచి ఆర్డర్ లేదు."

"సార్, ముద్ర ఉంది సార్."

"ఉందమ్మా. నేను కాదన్నానా?"

ఆ పోలీసాయన కసురుకోలేదు. ఆయన గొంతులో ఉన్నది అలసట. వెనక ఎవరో అరుస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఎమ్మెల్యేకి ఫోన్ చేస్తున్నారు. ఈలోగా హైదరాబాద్ నుంచి ఇంకో కబురు వచ్చింది. కాగితాలు ఇవ్వడం ఆపేయమని డీజీపీ మహేందర్ రెడ్డి ఆదేశించారు. హాస్టళ్ళు ఎవరినీ ఖాళీ చేయించకూడదని అక్కడి మంత్రులు, మేయర్ చెప్పారు. మంచి మాటే. కానీ అది పొద్దున హాస్టల్ తలుపు దగ్గర వినిపించాల్సిన మాట. అది వినిపించేసరికి వీళ్ళు దాదాపు రెండు వందల కిలోమీటర్లు వచ్చేశారు.

ఇక్కడ నా అభిప్రాయం దాచను. సరిహద్దు దగ్గర ఆపడం తప్పని నేననను. మహానగరం నుంచి వేల మంది పరీక్షలు లేకుండా పల్లెపల్లెకూ వెళ్ళిపోతే ఏమవుతుందోనన్న భయం ఆధారం లేనిది కాదు. కానీ పొద్దున ముద్ర వేసి పంపిన మాటను రాత్రికి వెనక్కి తీసుకున్నప్పుడు, ఆ మాట నమ్మి దారిలో ఉన్నవాళ్ళను ఏం చేయాలో ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. ఆ ఆలోచన వంతెన మీద చీకట్లో, పిల్లల ఏడుపుల మధ్య మొదలైంది. నా బాధ అది.

అంతకు నెల ముందే సముద్రం మీద ఇలాంటిదే జరిగింది. జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే విహార నౌకను 3,711 మందితో సహా నిలిపేశారు. 700 మందికి పైగా వ్యాధి అంటుకుంది. అందులో మన దేశం వాళ్ళు 138 మంది ఉంటే, 132 మంది ఆ ఓడలో పనిచేసే సిబ్బందే. వెస్టర్‌డామ్ అనే ఇంకో ఓడలో అప్పటికి రోగమే బయటపడలేదు. అయినా ఐదు చోట్ల దాన్ని రేవుకు రానివ్వలేదు. చివరికి ఫిబ్రవరి 13న కంబోడియా దారి ఇచ్చింది. అయితే ఓడ టికెట్ మీద ఒక కంపెనీ పేరుంటుంది, అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. డైమండ్ ప్రిన్సెస్ ప్రయాణికులకు టికెట్ సొమ్ము మొత్తం తిరిగిచ్చారు. రామాపురంలో ఆగిన కారుకు అలాంటి గుమ్మం ఏది? ముద్ర వేసింది ఒక ప్రభుత్వం, ఆపింది ఇంకో ప్రభుత్వం, కిరాయి కట్టింది నలుగురు అమ్మాయిలు.

రాత్రి ఎంతయిందో చూసుకునే ఓపిక ఎవరికీ లేదు. ఎవరో ఊరివాళ్ళు బకెట్లో పులిహోర తెచ్చి పేపరు ముక్కల్లో పెట్టి పంచారు. పండగ పులిహోర. తెనాలి పక్క పల్లె నుంచి అమ్మ ఫోన్.

"పచ్చడి గిన్నెలో తీసి ఉంచానే. చేదెక్కుతుందేమో, ఎప్పటికొస్తావ్?"

"వచ్చేస్తున్నానమ్మా. దగ్గరకొచ్చేశా."

అబద్ధం కాదు. దగ్గరకే వచ్చింది. కారులోని ఇంకో అమ్మాయిది జగ్గయ్యపేట. బారికేడు తీస్తే పావుగంటలో ఇల్లు. వాళ్ళ నాన్న అవతలి వైపుకు బండి మీద వచ్చి నిలబడ్డాడు. మధ్యలో లైట్లు, పోలీసులు, జనం. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకరికొకరు చెయ్యి ఊపుకున్నారు.

ఇద్దరు ముఖ్యమంత్రులూ ఫోన్‌లో మాట్లాడుకున్నారని వార్త వచ్చింది. వచ్చినవాళ్ళు 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటామంటేనే లోపలికని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. కొంతమందిని పరీక్షించి బస్సుల్లో నూజివీడు ట్రిపుల్ ఐటీకి పంపారు. జగ్గయ్యపేట అమ్మాయి, ఆమెతోపాటు ఇంకొకామె ఆ బస్సెక్కారు. ఇల్లు పక్కనుంచే పోయే బస్సు. ఇంటి దగ్గర ఆగని బస్సు. మూడో అమ్మాయిని కోదాడలో స్నేహితురాలి వాళ్ళు తీసుకెళ్ళారు.

మిగిలింది ఈమె. నాన్నకు గుండె జబ్బు. తను ఎక్కడో క్వారంటైన్‌లో ఉందంటే తట్టుకోలేడు. మిర్యాలగూడలో పెద్దమ్మకు ఫోన్ చేసింది. పెద్దనాన్న అందుకున్నాడు.

"ఏడున్నవ్ బిడ్డా? రామాపురం కాడనా? గాడ నిలబడకు. హుజూర్‌నగర్ మీదకెల్లి ఇంటికి రా. పొద్దుగాల వాడపల్లి బ్రిడ్జి దిక్కు సూద్దాం."

విజయవాడ దారి మూసుకుపోతే వాడపల్లి మీదుగా అద్దంకి దారి. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఇది వెన్నతో పెట్టిన లెక్క. కారు వెనక్కి తిరిగింది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, రెండు పక్కలా వరి పొలాలు. ఆ అర్ధరాత్రి నుంచే హైవేల మీద టోల్ వసూలు ఆపేశారు. గేట్లు ఎత్తేసిన రోడ్డు మీద ముందుకు పోవడానికి దారి లేకపోయింది. తెల్లవారుజామున మిర్యాలగూడ రైసుమిల్లుల గొట్టాలు కనిపించాయి. డ్రైవర్ తెనాలి దాకా మాట్లాడుకున్న కిరాయి ముందే తీసుకున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. అతను ఏమీ అనలేదు. పెద్దమ్మ ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

26వ తేదీ మధ్యాహ్నం పెద్దనాన్న ఆమెను స్కూటర్ మీద వాడపల్లి తీసుకెళ్ళాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. మీనాక్షీ అగస్త్యేశ్వరుడి గుడి. నది దాటితే పొందుగల, అప్పటి గుంటూరు జిల్లా. కార్తీకంలో స్నానాలకు వచ్చిన రేవు అది. అక్కడా అదే జనం, అవే కాగితాలు. చాలామంది రాత్రంతా తిండి లేక తిరిగినవాళ్ళు. మాటా మాటా పెరిగింది. సాయంత్రానికి అవతలి ఒడ్డున పోలీసుల మీద రాళ్ళు పడ్డాయి. అరుపులు వినపడగానే పెద్దనాన్న స్కూటర్ తిప్పేశాడు.

"ఇల్లుంది, ఇంత బువ్వుంది. ఇంకేంది నీకు? ఎన్ని దినాలైనా ఉండు," అన్నాడు దారిలో. ఆమె వెనక కూర్చుని కవరును కడుపుకు హత్తుకుంది. ఆ రాత్రి టీవీలో ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపొమ్మని కోరారు. పక్కనే ఇంకో చానల్లో పొందుగల రాళ్ళు.

కొన్ని రోజులనుకున్నది నెలలైంది. ఏప్రిల్లో సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల వ్యాధి అంటుకుని జిల్లాలో కేసులు 80 దాటాయి. చీఫ్ సెక్రటరీ, డీజీపీ వచ్చి చూసి వెళ్ళారు. ఇక కదిలే మాటే లేదు. ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకోమన్నారు. తెనాలి పక్క పల్లెలో సిగ్నల్ అందదు, మిర్యాలగూడలో అందుతుంది. అలా ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఇంట్లో హాలు మూలన రెండు పెద్ద సూట్‌కేసులు ఉండేవి. తాళం కూడా వేసి ఉన్నాయి. ఆవకాయ, కారప్పొడి, పసుపు, కాటన్ పాత చీరలు చింపి కుట్టిన పక్కగుడ్డలు. డల్లాస్‌లో కూతురికి మే నెలలో పురుడు. పెద్దమ్మ, పెద్దనాన్న జనవరిలోనే టికెట్లు కొన్నారు, ఏజెంటు ద్వారా. మార్చి 22 తర్వాత అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. విమాన కంపెనీ నుంచి వచ్చిన మెసేజ్‌ను పెద్దనాన్న ఆమె చేతికిచ్చాడు.

"క్రెడిట్ షెల్ అంటున్నరు. అదేందో సెప్పు బిడ్డా."

"మన డబ్బు వాళ్ళ దగ్గరే ఉంటుంది పెద్దనాన్నా. ఏడాదిలోపు ఎప్పుడైనా ఆ డబ్బుతో వాళ్ళ విమానం ఎక్కొచ్చట."

ఆయన నలభై ఏళ్ళు మిల్లులో లెక్కలు రాసినవాడు. కాసేపు ఆలోచించాడు.

"అంటే వడ్లు కొన్న సేటు పైసలియ్యకుండ, వచ్చే పంటకు నా మిల్లుకే రా, అప్పుడు జమ గట్టుకుంట అన్నట్టు. పంట పోయిన రైతు అప్పటిదాక ఏం దినాలె?"

క్రెడిట్ షెల్‌ను ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను వినలేదు.

ఏప్రిల్ 16న పౌర విమానయాన శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. మొదటి లాక్‌డౌన్ రోజుల్లో టికెట్ కొన్నవాళ్ళకు మూడు వారాల్లో పూర్తి డబ్బు వాపసు. అంటే విమానాలు ఆగిపోయాక కొన్నవాడికి డబ్బొస్తుంది. జనవరిలో, పురుడు లెక్కలు వేసుకుని ముందు జాగ్రత్తగా కొన్న పెద్దమ్మకు రాదు. ఇది ఎలాంటి న్యాయం? ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ సుప్రీంకోర్టులో అడిగిందీ ఇదే.

రైలు టికెట్ కథ వేరు. ఏప్రిల్లో తిరుపతికి వెళ్దామని పెద్దనాన్న మిర్యాలగూడ స్టేషన్ కౌంటర్లో కొన్న నారాయణాద్రి టికెట్లు పర్సులో మడత పెట్టి ఉన్నాయి. రైలు రద్దయితే మూడు రోజుల్లో తిరిగివ్వాలన్నది పాత నియమం. రైల్వే ఆ గడువును ఆరు నెలలకు, ఆ తర్వాత తొమ్మిది నెలలకు పెంచింది. ఒక రోజు వెళ్ళి కాగితం ఇచ్చి మొత్తం డబ్బు తెచ్చుకున్నాడు. ఒక్క రూపాయి కోత లేదు. కౌంటర్లో మనిషి ఉంటే అడగొచ్చు అని సంతోషపడ్డాడు.

మే నెలలో మనవడు పుట్టాడు. పెద్దమ్మ ఫోన్ ముందు కూర్చుని నలుగు ఎలా పెట్టాలో, తల ఎలా పట్టుకోవాలో చెప్పింది. చేతులు గాల్లో ఆడుతూనే ఉన్నాయి. అటు అల్లుడు నీళ్ళు పోశాడు. ఫోన్ పెట్టేశాక ఆమె సూట్‌కేసు తెరిచి ఆవకాయ సీసా బయటికి తీసింది. "ఊట పైకొచ్చింది. తినేద్దాం," అంది. పక్కగుడ్డలు మాత్రం తీయలేదు.

అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం. తీర్పు రాసింది మన తెలంగాణ బిడ్డ జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. లాక్‌డౌన్‌లో కొన్న టికెట్లకు పూర్తి సొమ్ము ఇవ్వాలి. ముందే కొన్నవాటికి 15 రోజుల్లో ఇవ్వాలి. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న సంస్థలు మాత్రం క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చు. దాన్ని ప్రయాణికుడు ఎవరి పేరుకైనా మార్చుకోవచ్చు. జూన్ 30 దాకా నెలకు అర శాతం, ఆ తర్వాత ముప్పావు శాతం చొప్పున కలపాలి. 2021 మార్చి 31 నాటికీ వాడుకోకపోతే నగదు ఇచ్చేయాలి. ఏజెంటు ద్వారా కొంటే ఏజెంటు ఖాతాలోకి, అక్కడి నుంచి ప్రయాణికుడికి. ఆమె ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే పెద్దనాన్న పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. ఏజెంటుకు పదిహేడుసార్లు ఫోన్ చేశాక డబ్బు వచ్చింది. అప్పటికి మనవడు బోర్లా పడుతున్నాడు.

ఈ లెక్కల్లో ఎక్కడా చేరని సొమ్ము ఒకటుంది. కారు కిరాయి. స్టేషన్ ముద్రను నమ్మి కట్టిన 3,500. దానికి ఆదేశం లేదు, తీర్పు లేదు, ఎవరి ఖాతాలోంచి రావాలో కూడా తెలియదు.

అది ఆమె మర్చిపోయింది. కానీ అంతకు ముందే, ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి ఫోన్‌పేలో 1,000 రూపాయలు పడ్డాయి. వెంటనే ఫోన్.

"తెనాలి దాక తీస్కపోలే గదక్కా. డీజిల్ పొయ్యంగ మిగిలింది గిదే. బండ్లు నడుస్తలేవు, లేకుంటె ఇంకింత పంపుదు."

వద్దని తిరిగి పంపబోయింది. అతను తీసుకోలేదు.

రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు తిరగడానికి నవంబర్ దాకా పట్టింది. ఎవరి బస్సులు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న లెక్క తేలక నెలలు గడిచాయి. నవంబర్ 2న ఒప్పందం కుదిరింది. తెలంగాణ బస్సులు 826, ఆంధ్ర బస్సులు 638. ఆ వారమే ఆమె మిర్యాలగూడలో బస్సెక్కింది. వాడపల్లి వంతెన మీద కిటికీ తెరిచింది. కృష్ణ నిండుగా ఉంది. పొందుగలలో ఎవరూ ఆపలేదు. ఏడు నెలలకు పైగా ఆలస్యమైన ఉగాది పచ్చడికి బదులు అమ్మ ఆ రోజు పులిహోర చేసింది.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

2021 మే నెల. కరోనా రెండో అల. మళ్ళీ రామాపురం క్రాస్‌రోడ్డు. ఈసారి బారికేడు తెలంగాణ వైపు. హైదరాబాద్ ఆస్పత్రులకు వచ్చే అంబులెన్సులను అక్కడే ఆపారు. ఏ అధికారంతో ఆపుతున్నారని తెలంగాణ హైకోర్టు 11వ తేదీన నిలదీసింది. ఆ రోజే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆస్పత్రిలో పడక ఖాయమైనట్టు, కంట్రోల్ రూమ్ అనుమతి ఉన్నట్టు చూపిస్తేనే లోపలికి. ఆక్సిజన్ సిలిండర్లో ముల్లు దిగిపోతుంటే కాగితం ఎక్కడి నుంచి తేవాలి?

13వ తేదీ రాత్రి ఆమె ఫోన్ మోగింది. మునగాల డ్రైవర్. ఇప్పుడు అంబులెన్స్ నడుపుతున్నాడు. వెనక నందిగామ పేషెంటు.

"అక్కా, మల్ల గాడనే ఉన్న. అప్పుడు నిలబడ్డమే, ఆ చెట్టు కాడ. ఈసారి మా పోలీసోల్లే."

"కాగితం లేదా అన్నా?"

"వాళ్ళ కొడుకు ఫోన్లు కొడుతుండు. దవాఖానోల్లు ఎత్తుతలేరు."

ఫోన్ అటువైపు నుంచి ఎవరో దగ్గుతున్న శబ్దం వినిపించింది. ఆమె రాత్రంతా తనకు తెలిసిన నంబర్లన్నిటికీ చేసింది. మర్నాడు 14న హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీ, జస్టిస్ విజయ్‌సేన్ రెడ్డి ధర్మాసనం ఆ ఉత్తర్వును నిలిపేసింది. అంబులెన్సులను ఆపొద్దంది.

ఆ సాయంత్రం మెసేజ్ వచ్చింది. అతనికి రాయడం అంతగా రాదు, అందుకని గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక సైరన్ మోగుతోంది.

"ఎల్బీనగర్ దాటినం అక్కా. పెద్దమనిషి ఉలుకుతుండు, పలుకుతుండు."